కంటి పుండులో ఉన్నదెవరు?

వరి నూర్పిళ్ల రోజుల్లో కంటి ఆసుపత్రులకు ఒక తరహా రోగుల రాక ఎక్కువవుతుంది. తువ్వాలు కొస కంటికి అదుముకుని వస్తారు. వెలుతురు చూడలేరు. నీరు కారుతూనే ఉంటుంది. ఏం జరిగిందని అడిగితే చెప్పే కథలు ఒకదానికొకటి దగ్గరగానే ఉంటాయి. వడ్లు తూర్పారబడుతుంటే పొట్టు ఎగిరి పడింది, చెరకు ఆకు గీసుకుంది, పాలు పిండుతుంటే గేదె తోక విసిరింది. మొదటి రోజు నలుపుకుని ఊరుకున్నారు. రెండో రోజు ఇంట్లోవాళ్లు ఆకు పసరో చనుబాలో పిండారు. ఆ మర్నాడు ఎవరో చెప్పిన చుక్కల మందు తెచ్చి వేసుకున్నారు, ఎరుపు కాస్త తగ్గినట్టే అనిపించింది. వారం తిరిగేసరికి నల్లగుడ్డు మీద తెల్లటి మచ్చ తేలింది.

ఆ మచ్చ పుండు. అందులో ఉన్నది బాక్టీరియానా, ఫంగస్సా, అమీబానా, ఇంకేదైనానా? ఇది తెలియకుండా వేసే మందు అదృష్టం బాగుంటే పనిచేస్తుంది, లేదంటే కన్ను పోతుంది. హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో ఈ ఒక్క ప్రశ్న చుట్టూ దశాబ్దాల పరిశోధన సాగింది. గుళ్లపల్లి నాగేశ్వరరావు 1987లో మొదలుపెట్టిన ఆ సంస్థలో ఝవేరీ మైక్రోబయాలజీ సెంటర్ అనే ప్రయోగశాల ఉంది. అక్కడ పనిచేసిన సూక్ష్మజీవ శాస్త్రవేత్త డాక్టర్ సావిత్రి శర్మ, ఆమె సహచరులు ప్రచురించిన పత్రాలు వరసగా చదువుకుంటూ పోతే ఒక విషయం మనసును పట్టుకుంటుంది. కంటి పుండుకు వైద్యం చుక్కల మందుతో మొదలవదు, చిన్న గాజు పలకతో మొదలవుతుంది. ఈ అధ్యాయం ఆ గాజు పలక గురించి.

నల్లగుడ్డు అని మనం పిలిచేది నిజానికి నల్లగా ఉండదు. వెనకున్న ఐరిస్ రంగు కనబడేలా ముందు బిగించి ఉన్న పారదర్శకమైన పొర అది, పేరు కార్నియా. మధ్యలో దాని మందం అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ. అందులో రక్తనాళాలు లేవు, ఉంటే మనకు చూపు స్పష్టంగా ఉండదు. ఒంట్లో మరెక్కడ దెబ్బ తగిలినా రక్తం వెంటనే తెల్లకణాలను మోసుకొస్తుంది. కార్నియాకు ఆ సాయం అంచుల నుంచి, కన్నీటి నుంచి ఆలస్యంగా అందుతుంది. అందుకు బదులుగా పైన ఐదారు వరసల కణాలతో ఒక పలుచని తొడుగు ఉంది. అది చెక్కుచెదరనంత కాలం చాలా సూక్ష్మజీవులు లోపలికి పోలేవు. వడ్ల పొట్టు చేసేది ఆ తొడుగును గీకడమే. అదే గీతలో తన మీదున్న ఫంగస్ బీజాలను కూడా నాటి పోతుంది.

వైద్య చరిత్రలో ఫంగస్ వల్ల వచ్చిన కంటి పుండును మొదట వర్ణించినది జర్మన్ వైద్యుడు థియోడోర్ లేబర్, 1879లో. ఆయన రోగి కూడా రైతే. నూర్పిడి యంత్రం నుంచి ఓట్స్ పొట్టు ఎగిరి కంట్లో పడింది. పుండులోంచి లేబర్ ఆస్పర్‌జిల్లస్ అనే ఫంగస్‌ను తీశాడు. పంట వేరు, దేశం వేరు, కానీ గాయం తీరు మన కళ్లంలో జరిగేదే. ఫంగస్ పుండ్లు ప్రపంచమంతటా ఏడాదికి 10 లక్షలకు పైనే వస్తాయని 2021లో ఒక అంచనా వెలువడింది. వాటిలో పెద్ద భాగం ఆసియా, ఆఫ్రికాల్లోనే. పొలం పని ఎక్కడుందో ఈ జబ్బు అక్కడుంది.

ఇక గాజు పలక దగ్గరికి వద్దాం. రోగిని స్లిట్ ల్యాంప్ అనే కంటి పరీక్ష యంత్రం ముందు కూర్చోబెట్టి, గడ్డం ఆనించమని, కంట్లో మత్తు చుక్కలు వేస్తారు. రెండు నిమిషాలకు మంట చల్లారుతుంది. ఆపైన డాక్టర్ సన్నటి సర్జికల్ బ్లేడుతో పుండు అంచునూ అడుగునూ మెల్లగా గీకుతారు. బ్లేడు కొసకు అంటేది ఎంత? ఆవగింజలో పదోవంతు ఉంటే గొప్ప. ఆ కాస్తలోనే అన్ని పరీక్షలకూ సర్దాలి. కొంత గాజు పలకల మీద పూస్తారు. కొంత సూక్ష్మజీవులను పెంచే పళ్లేల్లో రక్తం కలిపిన అగార్ మీద, కొంత సబురాడ్ అగార్ మీద. ఇంకో పళ్లెంలో ఆహారమేమీ లేని అగార్ మీద ఇ.కోలై బాక్టీరియాను పరిచి, అమీబా ఉంటే వచ్చి తినమని ఉంచుతారు. అమీబా ఉన్న చోట బాక్టీరియా పొరలో అది మేసుకుంటూ పోయిన దారి కనబడుతుంది. పళ్లెం మీద గీతను ఇంగ్లీషు 'సీ' అక్షరం ఆకారంలో గీస్తారు. ఆ గీత మీద మొలిచినదే లెక్కలోకి వస్తుంది. పక్కన మొలిస్తే అది గాలిలోంచి పడిన చెత్త. ఇంత చిన్న జాగ్రత్త ఎన్ని తప్పుడు రిపోర్టులను ఆపుతుందో ప్రయోగశాలలో పనిచేసేవాళ్లకు తెలుసు.

పళ్లెంలో మొలక రావడానికి రోజులు పడుతుంది. గాజు పలక మాత్రం అప్పటికప్పుడే చెబుతుంది. గీకిన పదార్థం మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేస్తే కంటి కణాలు కరిగి పక్కకు తప్పుకుంటాయి, ఫంగస్ దారాలు అలాగే మిగులుతాయి. కాల్కోఫ్లోర్ వైట్ అనే రంగు కూడా కలిపి ఫ్లోరసెంట్ సూక్ష్మదర్శినిలో చూస్తే చీకటి మీద ఆ దారాలు మెరుస్తూ అల్లుకుని కనిపిస్తాయి. ఒక్కసారి చూసినవారు మరచిపోలేని దృశ్యం.

ఉషా గోపీనాథన్, ప్రశాంత్ గార్గ్, సావిత్రి శర్మ, నాగేశ్వరరావు తదితరులు 2002లో 'కార్నియా' పత్రికలో పదేళ్ల లెక్క వేశారు. 1991 నుంచి 2000 వరకు ఆ ఒక్క ఆసుపత్రిలో కల్చర్‌తో, అంటే పళ్లెంలో మొలిపించి, రుజువైన ఫంగస్ పుండ్లు 1,352 మందిలో. వారిలో 962 మంది మగవాళ్లు. మూడింట రెండొంతుల దాకా 16 నుంచి 49 ఏళ్ల వయసువారు. సగానికి పైగా కళ్లలో దెబ్బ తగిలిన చరిత్ర ఉంది. ఫ్యూసేరియం జాతి 37 శాతం, ఆస్పర్‌జిల్లస్ 30 శాతం పైన. వానాకాలంలో, చలికాలంలో కేసులు పెరిగాయి. తొంభై శాతానికి పైగా కేసుల్లో ఫంగస్ ఉన్న సంగతి గాజు పలక మీదే బయటపడింది, పళ్లెం కోసం కాచుకోనవసరం లేకుండా.

నాకు ఈ అంకెల్లో అన్నిటికన్నా బరువైనది వయసు. ఇంటికి తిండి పెట్టే మనిషి కన్ను ఇది. వారాలకొద్దీ పనికి పోలేడు, గంటగంటకూ చుక్కలు వేయడానికి ఇంకో మనిషి తోడుండాలి. ఇద్దరి కూలీ పోతుంది. వీళ్లలో చాలామంది ఆలస్యంగా రావడానికి అజ్ఞానం కారణమని తేలిగ్గా అనేస్తారు. బస్సు ఛార్జీ, పోయే కూలీ, పంట కళ్లంలో ఉండటం కూడా కారణాలే.

మదురైలోనూ పరిస్థితి ఇంతే. అరవింద్ ఆసుపత్రిలో ఎం. శ్రీనివాసన్ బృందం 1994లో మూడు నెలల్లో వచ్చిన 434 పుండ్లను పరీక్షించి 1997లో ప్రచురించింది. మొలకెత్తిన వాటిలో బాక్టీరియా 47 శాతం, ఫంగస్ కూడా దాదాపు 47 శాతం. అంటే దక్షిణ భారతంలో కంటి పుండుతో వచ్చిన మనిషిని చూసి 'ఇది బాక్టీరియానే అయ్యుంటుంది' అని మందు రాయడం నాణెం ఎగరేయడంతో సమానం. చల్లటి దేశాల పాఠ్యపుస్తకాల్లో బాక్టీరియాదే పెద్దపీట, ఆ అలవాటు ఇక్కడ పనికిరాదు. సావిత్రి శర్మ, ప్రశాంత్ గార్గ్, నాగేశ్వరరావు 2000లో రాసిన పత్రం కూడా ఇలాగే ఒక అలవాటును సరిదిద్దింది. అకాంతమీబా అనే అమీబా పుండును పాశ్చాత్య దేశాల్లో కాంటాక్ట్ లెన్సుల జబ్బుగా చూసేవారు. లెన్సు ఎన్నడూ పెట్టుకోనివారికీ అది వస్తుందని, లెన్సు లేదు కదా అని అమీబాను వెతకకుండా ఉండకూడదని ఆ పత్రం చూపింది.

చుక్కల మందుల సంగతి ఇక్కడే చెప్పాలి. మెడికల్ షాపుల్లో చీటీ లేకుండా దొరికే చుక్కల్లో కొన్నిటిలో యాంటీబయోటిక్‌తో పాటు స్టెరాయిడ్ కూడా ఉంటుంది. స్టెరాయిడ్ ఎరుపును, నొప్పిని తగ్గిస్తుంది. ఎలా? ఒంటి రక్షణ కణాలను వెనక్కి లాగి. ఫంగస్ ఉన్న కంట్లో అవి వెనక్కి తగ్గితే దారాలు లోతుకు దిగుతాయి. రోగికి మాత్రం 'నయమవుతోంది' అనిపిస్తుంది. కంటి డాక్టర్లు మొదట "ఏమేం చుక్కలు వేశావు పెద్దయ్యా, సీసా ఉందా?" అని అడిగేది అందుకే. ఆ సీసా దాచకుండా చూపించాలి. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు, ఆ ఒక్క సమాచారం డాక్టరుకు సగం దారి చూపుతుంది.

ఫంగస్ అని తేలితే ఏ మందు? 1955లో దక్షిణాఫ్రికాలోని నాటల్ మట్టిలో దొరికిన ఒక సూక్ష్మజీవి నుంచి నాటమైసిన్ తీశారు. జున్ను మీద బూజు పట్టకుండా పూసేది కూడా అదే పదార్థం. సీసా కదిపి వేయాల్సిన తెల్లటి ద్రవం, కార్నియాలోకి లోతుగా ఇంకదు. అందుకని వోరికొనజోల్ అనే కొత్త మందు వచ్చినప్పుడు చాలామంది దానివైపు మొగ్గారు. అది బాగా ఇంకుతుంది, ఖరీదైనది, కొత్తది. మదురైలో ఎన్. వెంకటేశ్ ప్రజ్ఞ, శాన్‌ఫ్రాన్సిస్కో ప్రోక్టర్ ఫౌండేషన్ పరిశోధకులు కలిసి 323 మంది రోగుల మీద రెంటినీ పోల్చి 2013లో ఫలితం ప్రకటించారు. చూపు తిరిగి రావడంలో నాటమైసినే మెరుగు. కార్నియాకు చిల్లు పడటమో, కార్నియా మార్చాల్సి రావడమో వోరికొనజోల్ వేసినవారిలో 34 మందికి జరిగితే నాటమైసిన్ వేసినవారిలో 18 మందికి జరిగింది. ఫ్యూసేరియం పుండ్లలో తేడా ఇంకా పెద్దది. ఇక్కడి రోగులతో, ఇక్కడి ఫంగస్‌తో పరీక్షించబట్టే ఇది తెలిసింది. 2017లో నాటమైసిన్ ప్రపంచ ఆరోగ్య సంస్థ అత్యావశ్యక మందుల జాబితాలోకి చేరింది.

అయినా కొన్ని కళ్లు మిగిలిపోయేవి. గాజు పలక మీద ఫంగస్ దారాల్లాంటివి స్పష్టంగా కనబడతాయి. నాటమైసిన్ గంటగంటకూ వేస్తారు. పుండు ఆగదు. కార్నియా మారిస్తే కొత్త కార్నియాలోకీ పాకుతుంది. ఇవి ఎందుకు లొంగడం లేదన్న ప్రశ్నకు జవాబే సావిత్రి శర్మ బృందం చేసిన పనుల్లో నన్ను ఎక్కువగా ఆకట్టుకున్నది.

పళ్లెంలో పెరిగినప్పుడు ఈ దారాలు బీజాలు పెట్టవు. ఫంగస్‌ను గుర్తుపట్టేది బీజాల ఆకారాన్ని బట్టే కాబట్టి వీటికి పేరు పెట్టడం కుదరదు. 'గుర్తించలేని ఫంగస్' అని రాసి పక్కన పెట్టడం ఏ ప్రయోగశాలలోనైనా జరిగేదే. అలాంటివాటి డీఎన్ఏ చదివినప్పుడు కొన్నిటి పేరు బయటపడింది: పైథియం ఇన్సిడియోసమ్. అది అసలు ఫంగస్సే కాదు. ఊమైసీట్ అనే వేరే వంశం. చూడ్డానికి దారాల్లా పెరిగినా దాని చుట్టరికం గోధుమరంగు సముద్రపు నాచుతో, డయాటంలతో. థాయ్‌లాండ్‌లో తలసీమియా రోగుల రక్తనాళాలను దెబ్బతీసే జీవిగా, గుర్రాల చర్మం మీద పుండ్లు చేసే జీవిగా వైద్యులకు అది ముందే తెలుసు. నీళ్లు నిలిచిన వేడి ప్రాంతాలు దాని ఇల్లు, మన వరిమళ్లలాంటివే.

డీఎన్ఏ ఒక్కటే చాలదని ఆ బృందం ఇంకో రుజువు కూడా వెతికింది. ఇది 2015లో 'కార్నియా' పత్రికలో వచ్చింది. ఈ జీవి సహజంగా నీళ్లలోకి ఈదే బీజకణాలను వదులుతుంది. ప్రయోగశాలలో వాటిని రప్పించాలంటే శుద్ధి చేసిన ఆకు ముక్కల్ని పళ్లెంలో పెరుగుతున్న దారాల మీద పెట్టాలి. దారాలు ఆకులోకి పాకాక ఆ ముక్కల్ని ఖనిజ లవణాలు కలిపిన నీళ్లలోకి మార్చి ఒంటి వేడిలో ఉంచాలి. కొన్ని గంటలకు దారం కొస ఉబ్బి బుడగ కడుతుంది. బుడగలో చిన్న చిన్న కణాలు గిరగిరా తిరగడం మొదలవుతుంది. ఉన్నట్టుండి బుడగ పగిలి, ఒక్కోటీ రెండేసి తోకలతో ఈదుకుంటూ నీళ్లలోకి చెదిరిపోతాయి. నిజమైన ఫంగస్‌లలో కంటికి పుండు చేసేదేదీ ఇలా చేయదు. ఖరీదైన యంత్రాలు లేని చోట కూడా ఆకు ముక్కా నీళ్లూ ఉంటే చేయగలిగిన పరీక్ష ఇది.

ఇప్పుడు మందు ఎందుకు పనిచేయలేదో తేలిపోయింది. ఫంగస్ కణపు పొరలో ఎర్గోస్టెరాల్ అనే కొవ్వు పదార్థం ఉంటుంది. నాటమైసిన్ పట్టుకునేది దాన్నే. వోరికొనజోల్ దాని తయారీనే ఆపుతుంది. పైథియం పొరలో పట్టుకోవడానికి ఆ పదార్థం దాదాపు లేనే లేదు. దాని కణ కవచంలో మొక్కల్లో ఉండే సెల్యులోజు ఉంది. ఆ సెల్యులోజును అయొడిన్‌తో, గంధకామ్లంతో నల్లబరిచి గుర్తుపట్టే చవక పద్ధతిని ఎల్.వి. ప్రసాద్ సంస్థ భువనేశ్వర్ శాఖ వైద్యులు 2017లో ప్రచురించారు.

పైథియంకు వేరే మందు కావాలన్న సంగతి మన రైతుకు వేరే దారిలో ముందే తెలుసు. పొగాకు, మిరప, వంగ నారుమళ్లలో మొక్క మొదలు కుళ్లి పడిపోయే నారుకుళ్లు తెగులు, పసుపులో దుంపకుళ్లు, ఇవి పైథియం జాతివే. వ్యవసాయ శాస్త్రవేత్తలు వీటికి మెటలాక్సిల్ లాంటి వేరే తరగతి మందు చెబుతారు. పొలంలో చాలాకాలంగా ఉన్న ఈ తెలివిడి ఆసుపత్రికి చేరడానికి ఆలస్యమైంది. వ్యవసాయ పరిశోధనా కేంద్రాలూ కంటి ఆసుపత్రులూ ఒకరి పత్రికలు ఒకరు చదువుకుంటే ఇలాంటివి ఇంకా బయటపడతాయని నా గట్టి నమ్మకం.

మందు మాత్రం ఎవరూ ఊహించని చోట దొరికింది. బాక్టీరియా మందులైన లినెజోలిడ్, అజిత్రోమైసిన్ పళ్లెంలో పైథియం పెరుగుదలను ఆపాయి. ఇవి బాక్టీరియాలో ప్రోటీన్ల తయారీని అడ్డుకునే మందులు. పైథియం కణాల్లోని మైటోకాండ్రియాల్లో ప్రోటీన్ తయారయ్యే యంత్రాంగం బాక్టీరియాదాన్ని పోలి ఉంటుంది, అందుకే దెబ్బ తగులుతోందన్నది ఒక వివరణ. భూపేశ్ బగ్గా, సావిత్రి శర్మ తదితరులు ఈ మందులను రోగులకు వాడి 2018లో 'బ్రిటిష్ జర్నల్ ఆఫ్ ఆఫ్తాల్మాలజీ'లో రాశారు. లినెజోలిడ్ చుక్కలను వేరుగా తయారుచేయనక్కర్లేదు. నరం ద్వారా ఎక్కించే సీసాలో అది మిల్లీలీటరుకు 2 మిల్లీగ్రాములు ఉంటుంది, అంటే 0.2 శాతం. అదే కంట్లో వేస్తారు. అన్ని కళ్లూ దక్కుతున్నాయని కాదు. లోతుగా దిగిన పుండ్లకు ఇప్పటికీ కార్నియా మార్చక తప్పడం లేదు. కానీ పేరు తెలియక ఫంగస్ మందులతో గడిచిపోయిన వారాలు ఇకపై గడవనక్కర్లేదు.

అసలు ఈ గాజు పలక దాకా రాకుండానే ఆపగలమా? నేపాల్‌లోని భక్తపూర్‌లో ఎం.పి. ఉపాధ్యాయ్ బృందం ఆ ప్రయత్నం చేసింది. 34,902 మంది ఉన్న ఊళ్లలో కార్యకర్తలకు రంగు కాగితం, నీలి టార్చి, 1 శాతం క్లోరాంఫెనికాల్ ఆయింట్‌మెంటు ఇచ్చారు. కంటికి దెబ్బ తగిలితే రంగు వేసి, టార్చి వెలుగులో గీత పచ్చగా కనబడితే మూడు రోజులు ఆయింట్‌మెంటు పెట్టడం, అంతే. 2001లో వచ్చిన ఫలితం చదివితే ఆశ కలుగుతుంది. 18 గంటల్లోపు వచ్చిన వారిలో ఒక్కరికీ పుండు కాలేదు. 24 గంటలు దాటి వచ్చినవారిలో నాలుగో వంతుకు పైగా పుండు పడింది. తర్వాత నేపాల్‌లోనే 24 గ్రామ సమితులను చీటీలు వేసినట్టు రెండుగా విడగొట్టి, సగం చోట్ల మహిళా ఆరోగ్య కార్యకర్తలతో ఇదే చేయించారు. 2022లో ఫలితం వచ్చింది: పుండ్ల సంఖ్యలో రెండు వైపులా తేడా లేదు. దీన్ని చదివి ఆయింట్‌మెంటు పనికిరాదని తేల్చేయడం తొందరపాటు. దెబ్బ తగిలిన మనిషి కార్యకర్త దగ్గరికి వెళ్తేనే కదా మందు పడేది. భక్తపూర్ అంకెలు చెప్పేది వేళకు వచ్చినవారి గురించి, రెండో పరిశోధన చెప్పేది ఊరందరి గురించి. రెండూ నిజమే.

కాబట్టి పుండ్లు వస్తూనే ఉంటాయి, గాజు పలక పని ఉంటూనే ఉంటుంది. ఆ పని నగరంలోని పెద్ద ప్రయోగశాలకే పరిమితం కానక్కర్లేదు. వర్షా రాఠీ, సావిత్రి శర్మ, ప్రశాంత్ గార్గ్ తదితరులు 2017లో ప్రచురించిన పత్రం చిన్న పట్టణాల్లోని కంటి కేంద్రాల గురించి. అక్కడ ఫ్లోరసెంట్ సూక్ష్మదర్శిని ఉండదు, మైక్రోబయాలజిస్టు ఉండరు. పొటాషియం హైడ్రాక్సైడ్ సీసా, గాజు పలకలు, మామూలు సూక్ష్మదర్శిని ఉంటే అక్కడి కంటి డాక్టరే గీకి చూసుకోవచ్చు. దారాలు కనబడితే నాటమైసిన్ ఆ పూటే మొదలవుతుంది. దారాలు వెడల్పుగా, అడ్డగోడలు పెద్దగా లేకుండా రిబ్బన్లలా ఉంటే పైథియం కావచ్చని అనుమానించి, లినెజోలిడ్ మొదలుపెట్టి, కార్నియా మార్చగల ఆసుపత్రికి మర్నాటి బస్సు దాకా ఆగకుండా పంపించాలి.